గ్రూప్ కలవలేదు అన్నాక ఏం చెయ్యాలో కూడా చెప్పండి: రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రులకి, ఎన్టీఆర్ వైద్యసేవ, ఆరోగ్యశ్రీ ట్రస్టులు నడిపే ఆఫీసర్లకి, రెండు చోట్లా జీవన్‌దాన్ (బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవాలు వరసలో ఉన్న పేషెంట్లకి ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం) చూసుకుంటున్న డాక్టర్లకి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తానండి, మా ఊరు సోంపేట పక్కన. తమ్ముడికి కిడ్నీలు పోయాక ఇంటిల్లిపాదీ సగం డాక్టర్లం అయిపోయాం, ఆ సగం చదువుతోనే ఇది రాస్తున్నా. అడిగేది ముందే అడిగేస్తా. కిడ్నీ ఇవ్వడానికి ఇంట్లో మనిషి రెడీగా ఉండి బ్లడ్ గ్రూప్ ఒక్కటే కలవకపోతే, "కలవదమ్మా" అని పంపించెయ్యకండి. దానికి రెండు దారులున్నాయి, రెండూ మన దేశంలో జరుగుతున్నవే, ఒకటి స్వాప్, అంటే గ్రూప్ కలవని రెండు ఇళ్ళు దాతల్ని మార్చుకోవడం, రెండోది గ్రూప్ కలవకపోయినా చేసే ట్రాన్స్‌ప్లాంట్, ఏబీవో ఇన్‌కంపాటిబుల్ అంటారు. మొదటిదానికి రెండు రాష్ట్రాలకీ కలిపి ఒక్క లిస్టు పెట్టండి, రెండోదానికి అయ్యే ఎక్స్‌ట్రా ఖర్చు ప్యాకేజీలో చేర్చండి. స్వాప్ ఒక్కటి పెట్టేసి ఇక అయిపోయింది అనుకుంటే మా తమ్ముడి లాంటి ఓ గ్రూప్ వాళ్ళకి ఒరిగేదేమీ లేదు, అదెందుకో చెప్పడానికే ఇంత పెద్ద లెటర్.

మా ఇంటి లెక్క ఇదీ. నాన్నది ఏ, అమ్మది బీ, నాది ఏబీ, తమ్ముడిది ఓ. విన్నవాళ్ళు ఇదెలా అని నవ్వుతారు గానీ ఇందులో వింతేం లేదు, అమ్మానాన్నల్లో ఒకరు ఏ ఒకరు బీ అయ్యి ఇద్దరి లోపలా ఓ జీన్ దాగి ఉంటే పిల్లలు నాలుగు గ్రూపుల్లో ఏదైనా పుట్టొచ్చు. మరదలిది ఏ. అంటే ఇవ్వడానికి నలుగురం ముందుకొస్తే నలుగురిలో ఒక్కరిదీ వాడికి పనికిరాదు. కన్న తల్లీ కన్న తండ్రీ ఇద్దరివీ కలవవు అంటే మా అమ్మకి ఎంతకీ అర్థం కాలేదు, నా కడుపున పుట్టినోడికి నా కిడ్నీ ఎందుకు పడదు అని ఒకటే గోల.

పడకపోవడానికి కారణం ఏంటంటే, ఏ, బీ అనే గుర్తులు రక్త కణాల మీదే కాదు, కిడ్నీలో ఉండే సన్నటి రక్తనాళాల లోపలి గోడల మీద కూడా ఉంటాయి. ఓ గ్రూప్ వాళ్ళ ఒంట్లో ఏకీ బీకీ రెండిటికీ యాంటీబాడీలు చిన్నప్పటి నుంచే రెడీగా తిరుగుతుంటాయి. అలాంటి ఒంట్లోకి బీ కిడ్నీ తెచ్చి మామూలుగా పెట్టేస్తే ఆ యాంటీబాడీలు వెళ్ళి గోడలకి అతుక్కుని, నాళాల్లో రక్తం గడ్డకట్టి, టేబుల్ మీదో ఒకట్రెండు రోజుల్లోనో కిడ్నీ పోతుంది. చుట్టరికం లేని ఇద్దర్ని, ఒకరు ఇచ్చేవాళ్ళు ఒకరు తీసుకునేవాళ్ళు, ఎలా పడితే అలా జత కట్టినా సుమారు మూడింట ఒక జతకి ఇదే సమస్య. (పాజిటివ్ నెగటివ్ గోల కిడ్నీకి లేదండోయ్, దానికి కూడా భయపడి ఆగిపోయినవాళ్ళని డయాలసిస్ సెంటర్లో చూశాను, ఎవరూ చెప్పకపోతే వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది.)

మేము మొదట వెళ్ళిన ఆస్పత్రిలో మాకు చెప్పింది రెండే ముక్కలు, గ్రూప్ కలవలేదు, జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోండి. పేరు రాయించాం. జీవన్‌దాన్‌ని నేను తక్కువ చెయ్యట్లేదు, 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచి ఎంతమందికి ప్రాణం పోసిందో అందరికీ తెలుసు, బ్రెయిన్ డెడ్ దాతల విషయంలో తెలంగాణ దేశంలో ముందు వరసలో ఉంది. కానీ దేశం మొత్తం మీద చూస్తే పది లక్షల జనాభాకి ఏడాదికి ఒక్క దాత కూడా రావట్లేదు, మన దేశంలో జరిగే కిడ్నీ మార్పిళ్ళలో ఎక్కువ భాగం బతికున్న మనిషి ఇచ్చినవే. అలాంటప్పుడు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న దాతని పక్కన కూర్చోబెట్టి, ఎవరో ఎక్కడో యాక్సిడెంట్లో పోయేదాకా ఎదురుచూడమనడం ఏం లెక్క? వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషిన్ మీద, రోజుకి ఇన్ని నీళ్ళే అని గ్లాసు కొలుచుకుంటూ, ముప్పై దాటని కుర్రాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, "కలవదు" అనే మాట విన్న ఇంటికే బ్రోకర్లు వస్తారు. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో బయటపడ్డ కిడ్నీ రాకెట్ మీకు గుర్తుండే ఉంటుంది, పర్మిషన్ లేని ఆస్పత్రిలో, బయటి రాష్ట్రాల నుంచి పేదవాళ్ళని తెచ్చి కోసేశారు. దొరికినవాళ్ళని జైల్లో పెట్టడం మంచిదే, కానీ అక్కడిదాకా వెళ్ళిన పేషెంట్లలో ఇంట్లో దాత ఉండి గ్రూప్ కలవక వెళ్ళినవాళ్ళు ఎంతమందో ఎవరైనా అడిగారా?

ఇప్పుడు స్వాప్ సంగతి. ఒక ఇంట్లో భర్తది ఏ, భార్యది బీ అనుకోండి, ఇంకో ఇంట్లో భర్తది బీ, భార్యది ఏ. ఈవిడ కిడ్నీ ఆయనకి, ఆవిడ కిడ్నీ ఈయనకి. ఒకళ్ళు ఇచ్చేశాక రెండోవాళ్ళు మనసు మార్చుకోకుండా నాలుగు ఆపరేషన్లూ ఒకేసారి మొదలుపెడతారు. దక్షిణ కొరియాలో 1991లోనే మొదలైంది ఇది, అహ్మదాబాద్ కిడ్నీ ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ళుగా చేస్తున్నారు, ముంబైలో రిజిస్ట్రీ నడిపారు. ఎవరికి ఎవర్ని జత కలపాలి అన్న లెక్కల మీద పని చేసిన ఆల్విన్ రాత్ అనే ప్రొఫెసర్‌కి 2012లో ఎకనామిక్స్ నోబెల్ కూడా వచ్చింది, లెక్కలు చూసే మనిషిని కాబట్టి నాకు ఆ ముక్క బాగా నచ్చింది. మన దేశంలో 2011లో అవయవ మార్పిడి చట్టాన్ని సవరించి స్వాప్‌కి దారి ఇచ్చారు, తాతయ్య అమ్మమ్మ నాయనమ్మల్నీ మనవల్నీ కూడా దగ్గరి బంధువుల్లో అప్పుడే కలిపారు. మన ఉమ్మడి రాష్ట్రానికి 1995 నాటి సొంత చట్టం ఉండేది కాబట్టి ఇది ఆటోమేటిగ్గా రాలేదు, తెలంగాణ 2025 మార్చిలో అసెంబ్లీలో తీర్మానం చేసి కేంద్ర చట్టం తెచ్చుకుంది. ఆ ఏడాదే నోటో (అవయవ మార్పిళ్ళు చూసే కేంద్ర సంస్థ) కూడా దేశమంతా ఒకే స్వాప్ ప్రోగ్రాం అని రాష్ట్రాలకి రాసింది. అంటే కాగితం మీద అన్నీ ఉన్నాయి.

కాగితం కింద ఏముంది అంటే, ఒక్కో ఆస్పత్రి తన దగ్గరికొచ్చిన జంటల్ని తనే ఒక రిజిస్టర్‌లో రాసుకుంటే జతలు దొరకవు సార్. పదిమందిలో వెతకడం వేరు, వెయ్యిమందిలో వెతకడం వేరు. విశాఖలో ఏ భర్త బీ భార్య, వరంగల్‌లో బీ భర్త ఏ భార్య ఉంటే వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఎప్పటికీ తెలియరు. అందుకే రెండు రాష్ట్రాలకీ కలిపి ఒక్కటే లిస్టు కావాలి అంటున్నా, నీళ్ళ దగ్గర ఎలా కొట్టుకుంటారో కొట్టుకోండి, కిడ్నీ దగ్గర మాత్రం కలవండి. ఇంకోటి, స్వాప్‌లో ఇచ్చేవాళ్ళు ఆ పేషెంట్‌కి చట్టం చెప్పిన దగ్గరి బంధువే అయ్యుండాలి, అంటే భార్య, భర్త, తల్లి, తండ్రి, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, మనవలు. మేనమామ పనికిరాడు, వదిన పనికిరాదు, అత్తగారు పనికిరాదు. మన ఇళ్ళల్లో మేనమామ ఎంత దగ్గరో మీకు నేను చెప్పాలా. రాకెట్ల భయంతో పెట్టారు, అర్థమైంది, కానీ మార్పిడికి అనుమతిచ్చే ఆథరైజేషన్ కమిటీ ఎలాగూ కూర్చోబెట్టి అడుగుతుంది కదా, ఆ అడిగేదేదో మేనమామని కూడా అడగొచ్చు. చట్టం మార్చాలంటే ఢిల్లీకి రాయడం మీ చేతుల్లో పనే.

సరే, ఇంత చేసినా ఓ గ్రూప్ పేషెంట్‌కి స్వాప్‌లో చోటు దొరకడం కష్టం. కొంచెం ఆగి ఆలోచించండి. మా తమ్ముడికి కావాల్సింది ఓ కిడ్నీ. ఓ దాత ఉన్న ఇల్లు స్వాప్‌కి ఎందుకొస్తుంది? ఓ వాళ్ళు ఎవరికైనా ఇవ్వొచ్చు, వాళ్ళ ఇంట్లో పేషెంట్‌ది ఏ అయినా బీ అయినా నేరుగా ఇచ్చేసి వెళ్ళిపోతారు. లిస్టులోకి వచ్చే ఓ దాతలంటే గ్రూప్ కలిసినా క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చి, అంటే పేషెంట్ రక్తంలో ఆ దాత కణాల మీద వేరే యాంటీబాడీలు కనపడి, ఆగిపోయినవాళ్ళే, వాళ్ళు తక్కువ. ఇటు చూస్తే ఓ పేషెంట్లు మాత్రం లిస్టు నిండా ఉంటారు, ఎందుకంటే వాళ్ళకి ఓ తప్ప ఇంకేదీ పడదు. మన జనంలో ఓ గ్రూప్ వాళ్ళు ఎంతమందో మీ బ్లడ్ బ్యాంకుల్ని అడగండి. దీనికి కొంత మందు ఉంది, ఓ భార్య ఏ భర్త లాంటి కలిసిన జంటల్ని కూడా, మీకు ఇంకాస్త వయసు తక్కువ దాత కిడ్నీ దొరుకుతుంది, ఇంకో ఇంటికి మేలు జరుగుతుంది, స్వాప్‌లోకి వస్తారా అని అడగడం. కొన్ని దేశాల్లో అడుగుతున్నారు. మనవాళ్ళు ఒప్పుకుంటారా? కొందరు ఒప్పుకుంటారు, నాకు నమ్మకం ఉంది, కానీ దాని మీద ఆధారపడి ఎవరినీ ఆపలేం కదా.

అందుకే రెండో దారి. జపాన్‌లో బ్రెయిన్ డెడ్ దానాలు చాలా తక్కువ, వాళ్ళు 1989లోనే గ్రూప్ కలవని మార్పిళ్ళు మొదలుపెట్టారు, ఇప్పుడు అక్కడ బతికున్న దాతలవి నాలుగింట ఒకటికి పైగా ఇలాంటివే. అప్పట్లో స్ప్లీన్ (ప్లీహం) కూడా తీసేసేవాళ్ళంట. 2001లో స్వీడన్‌లో దాని బదులు రిటుక్సిమాబ్ అనే మందు, యాంటీబాడీల్ని పట్టుకునే ఫిల్టర్ వాడి చేసి చూపించారు, అప్పటి నుంచి ఆ పద్ధతే అన్ని చోట్లకీ పాకింది.

మాకు ఎలా జరిగిందో చెప్తా. నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగేది) అప్పటికే పైన ఉంది, మరదలికి చంటిపిల్ల, నాది ఏబీ కాబట్టి వాడి రెండు రకాల యాంటీబాడీలతోనూ గొడవే, చివరికి అమ్మ మిగిలింది. (ఎక్కడ చూసినా ఇంతే కదా, ఇచ్చేది అమ్మో పెళ్ళామో. ఇచ్చే మగవాళ్ళు ఏ వార్డులో ఉన్నారో నాకు కనపళ్ళేదు.) ముందు తమ్ముడి రక్తంలో బీకి వ్యతిరేకంగా ఎంత యాంటీబాడీ ఉందో చూశారు, దాన్ని టైటర్ అంటారు. మజ్జిగలో నీళ్ళు పోసినట్టు సీరాన్ని, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే నీరులాంటి భాగాన్ని, సగం, అందులో సగం, అందులో సగం అని పలచన చేసుకుంటూ పోయి, ఎక్కడిదాకా కణాలు గుంపుకడుతున్నాయో చూస్తారు. వాడిది 1:128. దాన్ని 1:8కి దించితే గానీ ఆపరేషన్ చెయ్యం అన్నారు. ముందు టీకాలు వేశారు, రిటుక్సిమాబ్ పడ్డాక టీకాలు సరిగ్గా పనిచెయ్యవట. తర్వాత రిటుక్సిమాబ్, సెలైన్ లాగా పొద్దుట ఎక్కించడం మొదలుపెడితే మధ్యాహ్నం దాకా చుక్క చుక్క, మొదటి గంటలో వాడికి ఒళ్ళంతా వణుకు. ఆ మందు లింఫోమా క్యాన్సర్‌కి వాడేదే, మెడికల్ షాపు అబ్బాయి చీటీ చూసి "క్యాన్సరా అండీ" అని గొంతు తగ్గించి అడిగాడు. యాంటీబాడీలు తయారుచేసే కణాల పుట్టుకని అది కొడుతుంది. తర్వాత కొత్త కిడ్నీ మీద ఒళ్ళు తిరగబడకుండా వేసే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ బిళ్ళలు ఆపరేషన్‌కి ముందే మొదలు. ఉన్న యాంటీబాడీలని తియ్యడానికి ప్లాస్మా ఎక్స్‌చేంజ్, మెడ దగ్గర పెట్టిన గొట్టం నుంచి రక్తం మెషిన్‌లోకి వెళ్తుంది, పసుపురంగు ప్లాస్మా ఒక సంచిలోకి పోతుంది, దాని బదులు ఆల్బుమిన్ అనే ప్రొటీన్, వేరే ప్లాస్మా లోపలికి ఇస్తారు. అలా ఇచ్చే ప్లాస్మా ఏబీ గ్రూప్‌ది మంచిది, ఎందుకంటే ఏబీ వాళ్ళ ప్లాస్మాలో ఏకీ బీకీ యాంటీబాడీలుండవు. కిడ్నీకి పనికిరాని నా గ్రూపు ఇక్కడ పనికొచ్చింది, బ్లడ్ బ్యాంకులో ఇచ్చి స్టాకులోంచి ఏబీ ప్లాస్మా తెచ్చుకున్నాం. కానీ మన జనంలో ఏబీ వాళ్ళు అన్నిటికన్నా తక్కువ, నాలాంటి అక్క లేని ఇల్లు ఆ సంచుల కోసం ఎన్ని బ్యాంకులు తిరగాలి?

సాయంత్రం టైటర్ రిపోర్ట్ వచ్చేది, ప్లాస్మా తీశాక తగ్గినట్టు కనపడేది, మర్నాటికి మళ్ళీ కాస్త ఎక్కేది, తీయడం, ఎక్కడం, తీయడం, చివరికి దిగింది. ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు వారాలు అసలు టెన్షన్, ఆ టైమ్‌లో యాంటీబాడీలు మళ్ళీ ఎగిస్తే ఒళ్ళు కిడ్నీని తిప్పికొడుతుంది, రిజెక్షన్ అంటారు. ఆ రెండు వారాలు దాటాక మెల్లగా యాంటీబాడీలు తిరిగొచ్చినా కిడ్నీ వాటితో సర్దుకుని బతికేస్తుంది, అకామడేషన్ అంటారు. ఇప్పుడు వాడి క్రియాటినిన్ 1.3, బైక్ మీద ఆఫీసుకి వెళ్తున్నాడు.

దీనికి రిస్కు లేదని నేను అనట్లేదు. ఇమ్యూనిటీని అంత కొట్టాక ఇన్ఫెక్షన్లు ఎక్కువ, ప్లాస్మాతో పాటు గడ్డకట్టే పదార్థాలు కూడా పోతాయి కాబట్టి బ్లీడింగ్ భయం, మొదటి ఏడాదిలో ఫలితాలు గ్రూప్ కలిసినవాటి కన్నా కొంచెం వెనకే, తర్వాత ఆ తేడా తగ్గుతూ పోతుంది. ముందు స్వాప్ చూడండి, అది దొరికితే అదే మేలు, ఖర్చూ తక్కువ, మందులూ తక్కువ. దొరకనివాళ్ళకి ఇది. టైటర్ మరీ ఎక్కువున్నవాళ్ళకి ఇది కూడా కుదరకపోవచ్చు, అప్పుడు జీవన్‌దాన్. ఈ వరస పేషెంట్‌కి మొదటి రోజే చెప్పాలి, అంతే కదా నేను అడిగేది.

ఇక డబ్బు. ట్రాన్స్‌ప్లాంట్ ఆరోగ్యశ్రీలో ఉంది, నిమ్స్‌లో, ఉస్మానియాలో, గాంధీలో పేదవాళ్ళకి చేస్తున్నారు, చాలా గొప్ప విషయం. కానీ మేము చేయించుకున్న చోట గ్రూప్ కలపడానికి అయ్యే ముందు ఖర్చు, రిటుక్సిమాబ్, ప్లాస్మా సెషన్లు, రోజూ టైటర్లు, అదంతా ప్యాకేజీలోకి రాదు మీరే పెట్టుకోండి అన్నారు. జీడితోటలో సగం అలా పోయింది. అమ్ముకోవడానికి తోట లేనివాళ్ళు ఏం చేస్తారు? ప్యాకేజీ కాగితంలో ఏబీవో ఇన్‌కంపాటిబుల్ అని విడిగా ఒక లైన్ రాసి, ఏమేం వస్తాయో స్పష్టంగా పెట్టండి, అప్పుడు ఏ ఆస్పత్రీ రాదు అనలేదు. రిటుక్సిమాబ్ ఏదో విదేశాల నుంచి తేవాల్సిన మందు కాదు, హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దాని బయోసిమిలర్, అంటే దాదాపు అలాగే పనిచేసే మందు, మార్కెట్లోకి తెచ్చింది. ప్రభుత్వం టెండర్ వేసి ఒకేసారి కొంటే మాకు పడిన రేటు పడదు. ఖరీదైంది స్వీడన్ ఫిల్టర్ కాలమ్, అది అందరికీ అక్కర్లేదు, మా వాడికి లేకుండానే అయిపోయింది.

అకౌంట్స్ మనిషిగా ఒక్క మాట. ఆంధ్రాలో డయాలసిస్ పేషెంట్‌కి నెలకి 10,000 పెన్షన్ ఇస్తున్నారు, దాని పైన డయాలసిస్ ఫ్రీ, పైన ఇంజెక్షన్లు, పైన బస్సులు, అంబులెన్సులు. ఇవ్వండి, ఇవ్వాల్సిందే. కానీ ఏళ్ళ తరబడి ఆ ఖర్చు ఒకవైపు, ఒక్కసారి అయ్యే ఈ ప్లాస్మా ఖర్చు, తర్వాత మందులు ఇంకోవైపు రాసుకుని చూడండి. పైగా ఇటువైపు మనిషి పనిలోకి వెళ్తాడు.

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానం (సోంపేట, పలాస వైపు) సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, పలాసలో 2023 డిసెంబర్‌లో రెండు వందల పడకల ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ వచ్చాయి. కానీ అక్కడ దాతల కష్టం వేరు. పేషెంట్‌కి అన్నయ్య ఇస్తానంటాడు, టెస్ట్ చేస్తే అన్నయ్యకీ క్రియాటినిన్ ఎక్కువ. తండ్రిదీ అంతే, మా నాన్నే ఉదాహరణ. కవిటిలో, కంచిలిలో, వజ్రపుకొత్తూరులో ఒక ఇంట్లో ఇవ్వడానికి పనికొచ్చే ఆరోగ్యమైన మనిషి ఒక్కరు దొరికితేనే అదృష్టం, ఆ ఒక్కరినీ గ్రూప్ పేరు చెప్పి వదిలేసుకోకూడదు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లోనూ ఇదే బాధ. మీరు ఏదైనా మొదలుపెడితే ముందు ఈ రెండు చోట్ల డయాలసిస్ సెంటర్లలో మొదలుపెట్టండి, పేషెంట్ గ్రూపు, ఇస్తానంటున్న మనిషి గ్రూపు, ఈ రెండూ రాసుకుంటే సగం పని అయిపోయినట్టే, దానికి నర్సు, ఒక ఫోన్ చాలు.

టైటర్ ల్యాబుల గురించి కూడా పట్టించుకోండి. ఒకే శాంపిల్ రెండు ల్యాబులకి ఇస్తే రెండు నంబర్లు వస్తాయి, ట్యూబ్ పద్ధతి వేరు, జెల్ కార్డ్ పద్ధతి వేరు. ఆ నంబర్ మీదే ఆపరేషన్ డేట్ ఆధారపడి ఉంటుంది కాబట్టి, చేసే ఆస్పత్రులన్నీ ఒకే పద్ధతి పాటించేలా మీ నిపుణుల కమిటీతో రాయించండి. ఆ ఆస్పత్రుల బ్లడ్ బ్యాంకుల్లో ఏబీ ప్లాస్మా కొంత ఎప్పుడూ ఫ్రీజర్‌లో ఉండేలా కూడా.

ఆఖరుగా అమ్మ గురించి. తెలంగాణలో మార్పిడి చేయించుకున్నవాళ్ళకి మందులు ప్రభుత్వమే ఇస్తోంది, పేషెంట్‌ని అందరూ చూస్తారు, ఇచ్చినావిడని ఎవరూ చూడరు. డిశ్చార్జ్ రోజు కుట్లు చూసి పంపించారు, మళ్ళీ రమ్మని ఎవరూ అనలేదు, మేమే గుర్తుపెట్టుకుని తీసుకెళ్తున్నాం. కిడ్నీ ఇచ్చినవాళ్ళందరి పేర్లూ ఆస్పత్రుల దగ్గర ఉన్నాయి కదా, ఏడాదికోసారి వాళ్ళకి బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ సొంత ఊరి పీహెచ్‌సీలోనే ఫ్రీగా చూసేలా, పీహెచ్‌సీ నుంచే వాళ్ళకి ఫోన్ వెళ్ళేలా ఆర్డర్ ఇవ్వండి. ఈ ఆర్డర్‌కి కొత్త బిల్డింగూ కొత్త మెషినూ ఏమీ అక్కర్లేదు, ఈ నెలలోనే ఇవ్వొచ్చు.

ఇట్లు,
సోంపేట వైపు నుంచి ఒక ఏబీ పాజిటివ్ అక్క